పలుగు పట్టిన శాంతిదూత: పియేర్ సెరెసోల్

1934వ సంవత్సరము జనవరి 15వ తేదీ మధ్యాహ్నము రెండు గంటలు దాటిన కొలది నిమిషములకు ఉత్తర బీహారులోను నేపాలులోను భూమి కంపించెను. ముజఫర్‌పూరు, దర్భంగా, ముంగేరు పట్టణములు చూచుచుండగానే కూలిపోయెను. రెండు ప్రాంతములలో కలిపి పదివేలమందికి పైగా మరణించిరి. పల్లెలలో ఇండ్లు కూలుటతో కష్టము ముగియలేదు. నేల బీటలువారి, ఆ బీటలనుండి నీరును ఇసుకయు పైకి చిమ్మెను. పంటపొలములు ఇసుకమేటల క్రింద పడిపోయెను. బావులు పూడిపోయెను. నేల ఎత్తుపల్లములు మారుటవలన నీరు పోవు దారులు చెడి, వర్షకాలము వచ్చునప్పటికి మునుపటికంటె ఎక్కువ ఊళ్లు మునుగునట్టి స్థితి యేర్పడెను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనను చూచిన మన తెలుగువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. గాలి తగ్గును, నీరు తీయును, వార్తాపత్రికలు వేరొక సంగతి వ్రాయ మొదలుపెట్టును. ఇల్లు లేనివాని అసలు కష్టము అప్పుడే ఆరంభమగును.

ఆ వేసవిలో ఒక స్విస్ దేశస్థుడు బీహారు చేరెను. ఆయన వయస్సు 54 సంవత్సరములు. తండ్రి ఒకప్పుడు స్విట్జర్లాండునకు అధ్యక్షుడు. తాను గణితము, ఇంజనీరింగు చదివిన పండితుడు. ఇండ్లు పోయినవారితో కలిసి మట్టి త్రవ్వవలెనని ఆయన అంత దూరము వచ్చెను. ఆయన పేరు పియేర్ సెరెసోల్.

పియేర్ 1879 ఆగస్టు 17వ తేదీన లోజాన్ పట్టణమందు జన్మించెను. తండ్రి పౌల్ సెరెసోల్ న్యాయశాస్త్రవేత్త, రాజకీయ నాయకుడు. 1873లో స్విస్ సమాఖ్యకు అధ్యక్షుడై యుండెను. కుటుంబమంతయు ప్రొటెస్టెంటు భక్తిలో పెరిగినది. తల్లి పియేర్ బాల్యములోనే మరణించెను. చిన్నతనమునుండియు ఆయనది ఒంటరిగా ఆలోచించు స్వభావము. తాను సత్యమని గ్రహించినదానిని దాచుకొని బ్రదుకుట తగదని యౌవనములోనే ఆయన మనస్సున నాటుకొనెను. ఈ యొక్క పట్టుదలయే ఆయన జీవితమునకు బలమైనది; అనేక పర్యాయములు ఆయనను చిక్కులలో పడవేసినదియు ఇదే.

జ్యూరిక్ నగరపు పాలిటెక్నిక్ విద్యాలయములో చదివి ఆయన డాక్టరు పట్టము పొందెను. కోరుకొన్నచో ఆచార్య పదవి, గౌరవము, మంచి యిల్లు అన్నియు సమకూడియుండెడివి. అయితే ఆయన వాటిని విడిచి, 1909 ప్రాంతమున దేశాటనమునకు బయలుదేరెను. అమెరికాలోను, హవాయి దీవులలోను, జపానులోను సుమారు ఐదేండ్లు గడపెను. ఆ కాలములో కొంతకాలము పాఠములు చెప్పెను, కొంతకాలము చేతిపని చేసి బ్రదికెను. పెద్దింటి బిడ్డకు కూలివాని చెమట యెట్టిదో తెలియుట మంచి పాఠము. తరువాత ఆయన చేసిన పనులన్నిటికి ఈ సంవత్సరములే బడి యని చెప్పవచ్చును.

1914లో ఆయన స్వదేశమునకు తిరిగివచ్చుసరికి ఐరోపా యుద్ధములో దిగియుండెను. స్విట్జర్లాండు యుద్ధములో చేరలేదు గాని సరిహద్దులలో సైన్యమును నిలిపెను. తండ్రి వలన తనకు సంక్రమించిన ఆస్తి తాను కష్టించి సంపాదించినది కాదని తలంచి పియేర్ దానిని దేశ ప్రభుత్వమునకు ఇచ్చివేసెను. ఇది విని బంధువులు ఆశ్చర్యపడిరేమో. సువార్తలోని ధనవంతుడైన యౌవనుని కథ తెలిసిన మనకు అంత ఆశ్చర్యము కలుగనక్కరలేదు. ఆ యౌవనుడు దుఃఖముతో వెళ్లిపోయిన దారికి ఎదురుదారిని ఈయన నడిచెను.

అదే కాలమున జాన్ బోద్రా అను ఒక బడిపంతులు, క్రైస్తవ మనస్సాక్షి తనను చంపనియ్యదని చెప్పి, సైనికసేవ నిరాకరించి చెరసాలకు పోయెను. ఈ సంగతి పియేర్ హృదయమును కదలించెను. అచ్చటి చట్టము ప్రకారము సైన్యములో పనిచేయని పురుషులు దానికి బదులుగా ఒక పన్ను చెల్లించవలెను. అప్పటివరకు ఆయన ఆ పన్ను చెల్లించుచుండెను. తాను స్వయముగా తుపాకి పట్టకపోయినను ఆ సొమ్ముతో తుపాకులు కొనబడుచున్నవి గదా యని ఇప్పుడు ఆలోచించెను. 1917లో పన్ను కట్టుట మానివేసెను. అందుకు శిక్షగా చెరసాల చూచెను. ఆ సంవత్సరమే జ్యూరిక్‌లో ఫ్రెంచివారి దేవాలయమున ఆరాధన జరుగుచుండగా లేచి నిలువబడి, యుద్ధము విషయమై సంఘము మౌనముగా నుండుటను గూర్చి సభ యెదుట మాటలాడెను. దేవాలయములో అట్లు లేచి మాటలాడుట మర్యాద కాదని తలంచినవారు అనేకులుందురు. ఆ యేడు ఐరోపాలో బాప్తిస్మము పొందినవారే బాప్తిస్మము పొందినవారిని లక్షలకొలది చంపుకొనుచుండిరన్న సంగతిని కూడ ఆ మర్యాద ప్రక్కనుంచి చూడవలెను.

యుద్ధము ముగిసెను. 1919 అక్టోబరులో హాలండు దేశపు బిల్టోవెన్ గ్రామమున వివిధ దేశముల క్రైస్తవులు కొందరు కూడుకొనిరి. మొన్నటివరకు శత్రువులైన దేశములవారు ఒకే బల్లయొద్ద కూర్చుండిరి. అంతర్జాతీయ సమాధాన సహవాసము ఇచ్చట ఆరంభమాయెను. పియేర్ దానికి మొదటి కార్యదర్శి. మరుసటి సంవత్సరము మరల కూడుకొన్నప్పుడు తీర్మానములు, ప్రకటనలు ఎక్కువగుచుండగా ఒక జర్మను ప్రతినిధి లేచి, తనవారు పాడుచేసిన ఫ్రాన్సు గ్రామములను తిరిగి కట్టుట మాటలకంటె మేలు గదా యను భావమును వెలిబుచ్చెను. కార్యదర్శి ఈ మాటను విని ఊరకుండలేదు.

1920 నవంబరులో, వెర్డన్ యుద్ధభూమి ప్రక్కనున్న ఏన్ అను గ్రామమునకు చిన్న గుంపు ఒకటి చేరెను. అందులో పియేర్, ఆయన అన్నదమ్ములలో ఒకడైన ఎర్నెస్ట్, అట్టి పునర్నిర్మాణపు పనిలో అనుభవముగల హ్యూబర్ట్ పారిస్ అను ఆంగ్లేయుడు, మరికొందరు, వారితోబాటు జర్మనులును ఉండిరి. ఎర్నెస్ట్ సెరెసోల్ స్విస్ సైన్యములో కర్నలు. యుద్ధమును వ్యతిరేకించు తమ్మునితో అతడు పలుగు పట్టుట ఈ కథలోని వింతలలో ఒకటి. ఏన్ గ్రామములో యుద్ధము తరువాత ఇల్లనదగినది మిగిలియుండలేదు. గుండ్లు పడిన గోతులు, ముండ్ల తీగలు, పేలక మిగిలిన మందుగుండు, అడుసు మాత్రము ఉండెను. ఆ చలికాలమంతయు వీరు గోతులు పూడ్చిరి, దారులు బాగుచేసిరి, తిరిగివచ్చు కుటుంబములకొరకు కొయ్య గుడిసెలు నిలిపిరి. వీరు జీతముకొరకు వచ్చినవారు కారు.

అయిదు నెలలు గడచెను. గ్రామములో కొందరికి వీరిపై ప్రేమ కలిగెను. అయితే జర్మనుల చేతి పని తమకు అక్కరలేదన్న మాట క్రమముగా బలపడెను. దానిని తప్పు పట్టుట సులభము కాదు. తండ్రిని, కుమారుని, ఇంటిని, తోటను పోగొట్టుకొనినవానికి ఆ భాష చెవిని పడుటయే బాధ. జర్మనులు వెళ్లిపోయినయెడల తక్కినవారు ఉండవచ్చునన్న సూచన వచ్చెను. పని సాగవలెనన్నచో అది సులభమైన మార్గము. పియేరును ఆయన సహచరులును దానికి ఒప్పుకొనలేదు. జర్మను సోదరుని పంపివేసి కట్టిన యిల్లు తాము కట్టవచ్చిన యిల్లు కాదని వారికి తోచెను. 1921 వసంతకాలమున అందరును కలిసి వచ్చినట్లే కలిసి వెళ్లిపోయిరి. పని సగములో నిలిచెను.

లోకము దీనిని అపజయమని లెక్కించును. ఆ తరువాత జరిగినదంతయు ఆ సగము పనినుండియే మొలచినది.

సైనికసేవకు బదులు దేశమునకు ఉపకరించు పౌరసేవ చేయుటకు చట్టము అనుమతింపవలెనని పియేరును స్నేహితులును స్విస్ ప్రజల సంతకములు సేకరించి ప్రభుత్వమునకు విన్నవించుకొనిరి. ప్రభుత్వము అంగీకరింపలేదు. అట్టి సేవ యెట్లుండునో చేసి చూపించుటే మిగిలినది. కొండదేశమునకు పని వెదకనక్కరలేదు. 1924లో వో ప్రాంతమున ఓర్మోం లోయలో హిమపాతము ఒక గ్రామమును రాళ్లతో, విరిగిన చెట్లతో నింపెను. కర్నలు ఎర్నెస్ట్ నాయకత్వమున స్వచ్ఛంద సేవకులు వచ్చి దానిని శుభ్రపరచిరి. అదే యేడు సెప్టెంబరులో ఇటాలియను భాష మాటలాడు టిచీనో ప్రాంతమందలి సొమేయో గ్రామముపై వరదయు కొండచరియయు పడెను, అచ్చటికిని వెళ్లిరి. పని క్రమశిక్షణతో జరుగవలెనని కర్నలు పట్టుపట్టెను. ఉదయమున లేచు వేళ, పని వేళ, భోజన వేళ, అన్నియు సైనిక శిబిరములోవలెనే. తుపాకి మాత్రము లేదు. సైన్యములో మంచి యేదైన ఉన్నచో దానిని సైతాను చేతిలో విడిచిపెట్టనేల యని పియేర్ తలంచినట్లున్నది. సోమరితనమునకు శాంతి యను పేరు పెట్టుట ఆయనకు నచ్చదు.

1927 సెప్టెంబరులో రైన్ నది గట్టు తెగి లిక్టెన్‌స్టైన్ అను చిన్న దేశమును ముంచివేసెను. స్విట్జర్లాండునకును ఆస్ట్రియాకును నడుమనున్న ఆ దేశము మన యొక తాలూకా అంతయైన ఉండదు. పొలములపై కంకరయు ఇసుకయు బురదయు మందముగా పేరుకొనెను. 1928లో అనేక దేశములనుండి 700లకు పైగా స్వచ్ఛంద సేవకులు అచ్చటికి వచ్చిరి. విద్యార్థులు, బడిపంతుళ్లు, వడ్రంగులు, గుమాస్తాలు, వృద్ధులును యువకులును, దేవుని నమ్మినవారును నమ్మలేమని చెప్పువారును ఒకే వరుసలో నిలిచి కంకర యెత్తిరి. పియేర్ ఎవరిని విశ్వాసప్రమాణము అడుగలేదు. తనకు క్రీస్తే మూలమని ఆయన దాచలేదు. అయితే పార పట్టువాని చేయి చాలునని ఆయన యెంచెను. మన సంఘములలో కొందరికి ఈ సంగతి మింగుడుపడకపోవచ్చును. మంచి సమరయుని ఉపమానములో, గాయపడినవానిని తన వాహనముపై ఎక్కించినవాడు ఏ దేవాలయమునకు చెందినవాడో మరల చదువుకొనవలెను.

ఈ శిబిరములలో స్త్రీలును ఉండిరి. వారిని సోదరీమణులని పిలుచుచుండిరి. వంటయు, బట్టలుదుకుటయు, చినిగినవి కుట్టుటయు వారి వంతు. వందలమందికి మూడు పూటల వండుట కంకర యెత్తుటకంటె తక్కువ పని కాదు. అయినను చరిత్ర వ్రాయువారు పారలను లెక్కించినట్లు గరిటెలను లెక్కింపరు. ఇచ్చట పియేరుకూడ తన కాలపు పురుషుడే.

1930లో దక్షిణ ఫ్రాన్సున నదులు పొంగినప్పుడు లగార్డ్ గ్రామమునకు పని చేయ వెళ్లిరి. ఏన్ గ్రామమును విడిచిన పదేండ్లలోపే అదే ఫ్రాన్సు దేశపు నేలపై వారు మరల పలుగు దింపిరి. తరువాత ఇంగ్లండు దేశములోని స్నేహితులు ఈ పద్ధతిని అందుకొనిరి. వేల్స్ బొగ్గుగనుల ప్రాంతమున, నిరుద్యోగులు నిండిన బ్రిన్‌మార్ పట్టణములో 1931లో శిబిరము నడచెను. ఇట్లు పేరుపొందిన సంస్థయే అంతర్జాతీయ పౌరసేవా సంస్థ.

ఇక మన దేశపు సంగతి. 1931 డిసెంబరులో లండను రౌండు టేబులు సమావేశమునుండి తిరిగివచ్చుచు గాంధీ మహాత్ముడు రచయిత రొమా రోలాను చూచుటకు స్విట్జర్లాండులో ఆగెను. లోజాన్, జెనీవా పట్టణములలో ఆయన మాటలాడిన సభల విషయములో పియేర్ శ్రమపడెను. వారిరువురికి పరిచయము కలిగెను. రెండేండ్లు గడచిన పిమ్మట బీహారు వార్త వచ్చెను. అంతవరకు ఐరోపా విడిచి పోని ఈ పని ఆసియా ఖండములోని బీదపల్లెకు చేరగలదా యన్నది పియేర్ ముందున్న ప్రశ్న. 1934 వేసవిలో తాను మొదట వచ్చి స్థలములు చూచెను. గాంధీని కలిసెను, రాజేంద్ర ప్రసాదును కలిసెను. భూకంపము వచ్చిననాటికి రాజేంద్ర ప్రసాదు చెరసాలలో ఉండెను. కొలది దినములలో విడుదలయై, ఆరోగ్యము చెడియున్నను బీహారు కేంద్ర సహాయ సంఘమును నడిపించుచుండెను.

ఆనాటి స్థితి తెలియనిదే పియేర్ పని యెంత సున్నితమైనదో అర్థము కాదు. ఒకవైపు ఆంగ్ల ప్రభుత్వము, మరియొకవైపు కాంగ్రెసువారు. శాసనోల్లంఘన ఉద్యమము అప్పుడప్పుడే ఆగియుండెను. నిన్నటివరకు చెరలో పెట్టినవారును, చెరలో నుండినవారును ఇప్పుడు ఒకే గ్రామమునకు సహాయము చేయవలెను. ఒకరిపై నొకరికి నమ్మకము లేదు. పియేర్ ఇరువురితోను మాటలాడెను. ఇరువురి సహాయమును తీసికొనెను. ఆయన తెల్లవాడు గనుక అధికారులు తలుపు తీసిరి. ఆయన గాంధీకి స్నేహితుడు, తన దేశములో చెరసాల చూచినవాడు గనుక కాంగ్రెసువారు తలుపు తీసిరి.

వేరొక వివాదమును అప్పుడే చెలరేగియుండెను. అంటరానితనమను పాపమునకు దేవుడు పంపిన శిక్షయే ఈ భూకంపమని గాంధీ చెప్పెను. కవి రవీంద్రనాథ ఠాగూరు ఈ మాటను బహిరంగముగా ఖండించెను. గాంధీ ఆ ఖండనను తన హరిజన్ పత్రికలోనే ప్రచురించి జవాబు వ్రాసెను. ఇరువురును గొప్పవారు, ఇరువురును ఒకరినొకరు గౌరవించుకొనినవారు. సువార్త చదువు మనకు ఇట్టి సందర్భమున సిలోయము గోపురము జ్ఞాపకము రాకపోదు. ఆ గోపురము క్రింద పడి చచ్చిన 18 మంది తక్కినవారికంటె పాపులని తలంచుట తగదని ప్రభువు బోధించెను. కూలిన యిల్లు చూచినప్పుడు ఎవని పాపమని అడుగుట మనకు సహజము. పియేర్ పని ఆ ప్రశ్న చెంత నిలిచిపోలేదు. వానలు వచ్చునాటికి ఈ ఊరు మునుగునా, మునుగదా, ఎత్తైన చోటు ఎంత దూరమున ఉన్నది, అచ్చట నీరు పడునా: ఆయన పనికి కావలసిన ప్రశ్నలు ఇవి.

ఐరోపాకు పోయి, 1934 చివరిలో పియేర్ మరల వచ్చెను. తరువాతి మూడు చలికాలములు పని సాగెను. 1934కును 1937కును నడుమ ఆయన మూడు పర్యాయములు ఈ దేశమునకు వచ్చి పోయెను. ఇంగ్లండునుండి జో విల్కిన్‌సన్, ఫ్రేజర్ హోయ్‌లాండ్, స్విట్జర్లాండునుండి పౌల్ షెంకర్ ఆయనతో పనిచేసిరి. లిక్టెన్‌స్టైనులో 700 మంది పనిచేసినచోట ఇచ్చట వేళ్లమీద లెక్కింపదగిన మనుష్యులు. ముజఫర్‌పూరు జిల్లాలో వరదకు లోనగు పల్లెలను ఎత్తైన స్థలమునకు మార్చి క్రొత్తగా కట్టుట వారి పని. స్థలము చూచి కొలువవలెను. ఇండ్లకు, బాటలకు హద్దులు గీయవలెను. నేలను ఎత్తుచేయవలెను, బావులు త్రవ్వవలెను. ఇన్నింటికి ముందు గ్రామస్థులను ఒప్పించవలెను. తాతముత్తాతలు బ్రదికిన నేలను, అది మునిగినను సరే, విడిచిపోవుటకు ఏ రైతు తొందరపడడు. ఎవని యిల్లు ఎవని ప్రక్కన ఉండవలెనన్నది మన పల్లెలలో చిన్న సంగతి కాదు. కొలబద్ద పట్టుకొన్న ఇంజనీరునకు ఒక దినము పట్టు పని, మనుష్యుల మనస్సులలో ఒక ఋతువు పట్టును.

ఇచ్చట ఒక ప్రశ్నను తప్పించుకొనుట సరి కాదు. ఐరోపాలో వరద వచ్చిన గ్రామమునకు పని చేయు చేతులు చాలవు. నూరుమంది వచ్చినచో నూరు రెట్లు మేలు. బీహారులో కూలి చేయుటకు చేతులు కరువా? అలవాటు లేని ఎండలో నలుగురు దొరలు మోయగల మట్టి యెంత? వారి ఓడ ప్రయాణపు ఖర్చుతో ఎన్ని గుడిసెలు వేయవచ్చును? ఇట్లు లెక్కించువాడు తెలివితక్కువవాడు కాడు. ఆ లెక్క ప్రకారము చూచినచో పియేర్ వచ్చుట నష్టమే.

అయితే ఆనాటి బీహారు గ్రామస్థుడు దొరను ఎట్లు చూచియుండెనో తలంచుడి. గుఱ్ఱముపై చూచెను, కారులో చూచెను, కచేరీ బల్ల అవతల చూచెను. తట్ట యెత్తుకొని తనతోబాటు గట్టు ఎక్కుచున్న దొరను అతడు చూచియుండడు. అంతేకాదు, చదువుకొన్న భారతీయుడు కూడ తట్ట యెత్తుట అతడు చూచి యెరుగడు. మట్టిపని ఫలాని కులమువారిదని మన దేశము ఎప్పుడో నిర్ణయించుకొనెను. దేశాధ్యక్షుని కుమారుడు, గణిత పండితుడు, ఏబదియేండ్లు దాటినవాడు మట్టి మోయుచున్నప్పుడు ఆ నిర్ణయము కొంచెము కదలును. ఎన్ని ఘనపు అడుగుల మట్టి మోసెనో లెక్కించు కొలతలో ఈ కదలిక కనబడదు. నజరేతు వడ్రంగి శిష్యులకు ఇది క్రొత్త బోధ కాదు; అయినను మన విశ్వాసులలో ఎందరి యిండ్లలో చదువుకొన్న కుమారుడు పార పట్టుట అవమానముగా ఎంచబడుచున్నదో మనకే తెలియును.

పియేర్ బీహారునకు బోధకునిగా రాలేదు, నేర్చుకొనువానిగాను వచ్చెను. ఐరోపాలో తన దేశస్థులకు ఆయన వ్రాసిన బీహారు ఉత్తరములు తరువాత పుస్తకరూపము పొందెను. హిందూ స్నేహితుల ప్రార్థనను, పల్లెవారి ఓర్పును ఆయన గౌరవముతో చూచెను. అదే సమయములో బీదరికమును భక్తి యని పొగడు అలవాటు ఆయనకు లేదు. నీరు నిలుచు నేల నీరు నిలుచు నేలయే. దానికి కావలసినది కాలువ.

ఈ సంవత్సరములలోనే, 1936లో, ఆయన ఫ్రెండ్స్ సమాజమున, అనగా క్వేకర్లలో చేరెను. పాదిరి లేక, క్రమగ్రంథము లేక, మౌనముగా కూర్చుండి దేవుని స్వరముకొరకు కనిపెట్టు వారి ఆరాధన ఆయన స్వభావమునకు సరిపోయెను. సిద్ధాంతముల విషయములో ఆయన మన సంఘముల కొలతకు సరిగా అమరడు. త్రియేకత్వమును గూర్చియు, విశ్వాసప్రమాణములను గూర్చియు ఆయన అడిగిన ప్రశ్నలు పాదరులను బాధించెను. ఆయన జీవితమును చదువువారు ఈ సంగతిని మరుగుపరచనక్కరలేదు. ప్రభువును ప్రభువా యని పిలుచువారిని గూర్చియు, తండ్రి చిత్తము చేయువారిని గూర్చియు ప్రభువే చెప్పిన తీర్పు ఉన్నది. దానిని ఆయనకు మాత్రమేగాక మనకును అన్వయించుకొనవలెను.

రెండవ ప్రపంచయుద్ధము వచ్చెను. పియేర్ వయస్సు 60 సంవత్సరములు. 1941లో ఆయన లీజ్ డావిడ్ అను నామెను వివాహము చేసికొనెను. పన్ను విషయమున, మనస్సాక్షి విషయమున చెరసాలకు పోవుట, వచ్చుట ఆయనకు అలవాటయ్యెను. 1942లో ఒకసారి, 1944లో మరియొకసారి, అనుమతి పత్రము లేక సరిహద్దు దాటి జర్మనీలో ప్రవేశించెను. యుద్ధము చేయుచున్న జర్మనులతో ముఖాముఖిగా మాటలాడవలెనని ఆయన ఉద్దేశము. రెండు పర్యాయములును పట్టుబడెను; తిరిగివచ్చిన పిమ్మట స్వదేశములోను శిక్ష పొందెను. ఇది విశ్వాసమా, వ్యర్థ సాహసమా యని ఆయన స్నేహితులకే సందేహము కలిగియుండవచ్చును. ఈ వ్యాసకర్తకు మాత్రము ఏన్ గ్రామమున గోతులు పూడ్చిన పియేరే ఎక్కువ గొప్పగా కనబడుచున్నాడు. అయినను సరిహద్దు దాటినవాడును ఏన్ గ్రామమున జర్మను సోదరుని విడువనివాడును ఒక్కడే యని మరువరాదు. శత్రువు అను పేరు పెట్టి మనుష్యుని విడిచిపెట్టుట ఆయన రెండు చోట్లను ఒప్పుకొనలేదు.

చెరసాల జీవితము ముసలితనపు శరీరమును దెబ్బతీసెను. యుద్ధము ముగిసిన కొలది నెలలకే, 1945 అక్టోబరు 23వ తేదీన, లోజాన్ దగ్గర లూత్రీ ప్రక్కనున్న ల డాలే యను చోట తన యింట ఆయన కన్నుమూసెను. ఆయన దినచర్య పుస్తకములనుండి ఏర్చిన భాగములు మరణానంతరము ముద్రింపబడెను.

ఆయన పోవునప్పటికి ఐరోపా మరల శిథిలములతో నిండియుండెను. ఆయన సంస్థకు చేతినిండ పని. దేశవిభజన తరువాత ఇల్లు వాకిలి విడిచి వచ్చిన శరణార్థులకొరకు ఢిల్లీ ప్రక్కన ఫరీదాబాదులో నడచిన నిర్మాణపు పనిలో ఆ సంస్థవారు మరల భారత నేలపై పలుగు పట్టిరి. శ్రమదాన శిబిరమను మాట మన విద్యార్థులకు ఈనాడు పరిచితమే. దాని వెనుక ఏన్ అను పాడుపడిన ఊరొకటి ఉన్నదని ఎరిగినవారు కొద్దిమంది.

స్విట్జర్లాండులో ఆయన కోరిన చట్టము ఆయన కాలములో రాలేదు. మనస్సాక్షినిబట్టి సైన్యములో చేరనొల్లనివారు చెరసాలకు పోవుట తరువాతను చాలకాలము సాగెను. 1992లో ప్రజలు ఓటు వేసి పౌరసేవకు అంగీకరించిరి. 1996 అక్టోబరు 1వ తేదీన ఆ చట్టము అమలులోనికి వచ్చెను. ఆ తేదీనాటికి పియేర్ సెరెసోల్ మరణించి 51వ సంవత్సరము నడుచుచుండెను.